సర్వదేశవ్యాప్తములగు ప్రాణిజాతులు: గ్రేటర్ నోయిడా పట్టణమున చారల దోమ

ప్రాణిజాతులలో కొన్ని ఒక్క దేశమునకో, ఒక్క అడవికో, ఒక్క నదీతీరమునకో పరిమితమై యుండును. మఱికొన్ని తమకు సరిపడు శీతోష్ణస్థితి గల చోటులనెల్ల, ఖండాంతరములయందు సైతము, కానవచ్చుచుండును. ఈ రెండవ తెగకు సర్వదేశవ్యాప్త జాతులని పేరు. ఇంటియీగ, ఇంటియెలుక, మురుగుకాలువలలో నివసించు గోధుమవన్నె యెలుక, బొద్దింక, నల్లి, పావురము, ఊరపిచ్చుక మొదలగునవి ఈ తెగలోనివి. ఈ విభాగము జంతుశాస్త్ర విద్యార్థులకే గాని పురపాలక ఉద్యోగులకును తాలూకా ఉద్యోగులకును పనికివచ్చునది కాదని తోచవచ్చును. కాని పై పట్టికను మరల చదివినచో అందలి ప్రాణులలో పెక్కులు శానిటరీ ఇన్‌స్పెక్టరుల దినచర్య పుస్తకములలో నిత్యము కనబడునవే యని తెలియగలదు. ఇది కాకతాళీయముగా సంభవించినది కాదు.

ఈగకు గాని దోమకు గాని తన రెక్కల బలముచే మహాసముద్రమును దాటు శక్తి లేదు. మనుష్యుడే తన ఓడలలో, ధాన్యపు బస్తాలలో, నీటిపీపాలలో, పడకలలో వీనిని వెంటబెట్టుకొని పోయినాడు. మనుష్యుని యింట దొరకు ఆహారముతోడనే తృప్తిపడుట, స్వల్పకాలమున విస్తారముగా సంతానమును కనుట, ప్రయాణపు కష్టమునకు ఓర్చుకొనుట అను గుణములు గల ప్రాణులే యిట్లు లోకమంతట వ్యాపించినవి. వాని శాస్త్రనామములను చూచి జన్మభూమిని నిర్ణయించుట పొరపాటు. నార్వే పేరు మోయుచున్న యెలుక నార్వేలో పుట్టినది కాదు; అది ఆసియా ఖండపు ఉత్తర భాగమునకు చెందినది. అమెరికా బొద్దింక యనబడునది ఆఫ్రికానుండి ఓడలలో అమెరికాకు చేరినది. ఈజిప్టు పేరు గల దోమను గూర్చియే యీ వ్యాసమున ముఖ్యముగా వ్రాయబడుచున్నది. 1762 వ సంవత్సరమున ఈజిప్టునుండి వచ్చిన వర్ణనను బట్టి దానికి ఆ పేరు కలిగినది. ప్రాత వైద్యశాఖా నివేదికలలో ‘స్టెగోమైయా’ యని కనబడునదియు, నేడు ‘ఈడిస్ ఈజిప్టై’ యని వ్యవహరింపబడునదియు ఒక్కటే. వాడుకలో చారల దోమ యనవచ్చును.

దీని పూర్వులు ఆఫ్రికా అడవులలో చెట్ల తొఱ్ఱలయందు నిలిచిన వాననీటిలో గ్రుడ్లు పెట్టి, అడవి జంతువుల నెత్తురు త్రాగి బ్రదుకుచుండెడివి. అట్టి దోమలు అచ్చట నేటికిని గలవు. వానలో ఒక శాఖ ఎండకాలమున నీటిని కుండలలో నిలువజేయు గ్రామములకు చేరి, మనుష్యుని నెత్తురునకును, మనుష్యుని నీటికిని అలవాటుపడినది. దాసవ్యాపారపు ఓడలలోని నీటిపీపాలతో అమెరికా ఖండములకు చేరినది. ఆసియాకు ఇది బహుశః పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరభాగమున, 1869 లో సూయజు కాలువ తెరువబడిన తరువాత, అధికముగా వచ్చియుండునని దాని వంశలక్షణముల పరీక్షలు సూచించుచున్నవి. నేడిది ఆసియా, ఆఫ్రికా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండముల ఉష్ణప్రదేశములలో నెల్ల గలదు. ఐరోపాలో మధ్యధరా తీరమున ఒకప్పుడు విరివిగా నుండి, 1927-28 లో గ్రీసు దేశమున లక్షలాది జనులకు డెంగీ జ్వరము నంటించి, తరువాత అచ్చట నుండి అంతరించినది. 2005 లో మదైరా ద్వీపమున మరల స్థిరపడినది. చలికాలపు మంచు మాత్రమే దీనికి హద్దు. ఉత్తర దక్షిణ అక్షాంశములు ముప్పదియైదు డిగ్రీలకు లోపల నున్న భూమి యెల్ల దీని రాజ్యమని స్థూలముగా చెప్పవచ్చును. ఢిల్లీయు, గ్రేటర్ నోయిడాయు ఇరువది యెనిమిది డిగ్రీల దగ్గర నున్నవి.

గ్రేటర్ నోయిడా సంగతి తెలుగు ఉద్యోగులకు ఏల యని యడుగవచ్చును. దీనికి రెండు కారణములు గలవు. మొదటిది, ఒక సర్వదేశవ్యాప్త జాతి క్రొత్త ఊరిని ఎట్లు ఆక్రమించునో ఇచ్చట కన్నులయెదుట చూడవచ్చును. మన జిల్లాలలో పెరుగుచున్న ప్రతి క్రొత్త పేటకును ఇది వర్తించును. రెండవది ముందు చెప్పబడును.

యమునా హిందన్ నదుల మైదానమున గోధుమ, వరి, చెఱకు పండు గ్రామభూములపై, ఉత్తరప్రదేశ ప్రభుత్వము 1976 నాటి పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టము ననుసరించి 1991 లో ఒక సంస్థను స్థాపించి ఈ పట్టణమును నిర్మింప నారంభించెను. పేటలకు ఆల్ఫా, బీటా, గామా, డెల్టా యని గ్రీకు అక్షరముల పేర్లు పెట్టిరి. వెడల్పు బాటలు, ఉద్యానవనములు, పలు అంతస్తుల భవనములు, కళాశాలలు, కర్మాగారములు వెలసినవి. ఈ మార్పులో ప్రాణులకు కలిగిన గతి గమనింపదగినది. దగ్గరలోని ధనౌరి చిత్తడినేలయు, దాని చుట్టుపట్ల పొలములును సారస పక్షులకు నివాసము. సారసము ఉత్తరప్రదేశమునకు రాష్ట్రపక్షి. మనుష్యుని యంత యెత్తు గలది. లోతు లేని నీరును, వరిపొలమును, కదలింపరాని గూడును దానికి కావలయును. పొలము తగ్గినకొలది అది తప్పుకొనును. పావురము మాత్రము పదునాలుగవ అంతస్తు కిటికీ గట్టునే కొండచరియగా నెంచి గూడు పెట్టును. చారల దోమ అదే కిటికీలోని కూలరు తొట్టిని చెట్టు తొఱ్ఱగా నెంచును. స్థానిక జాతి వెనుకకు తగ్గిన చోటున సర్వదేశవ్యాప్త జాతి ముందుకు వచ్చుట యనగా ఇదియే.

ఈ దోమను గుర్తుపట్టుట కష్టము కాదు. నల్లని దేహము, కాళ్లపై తెల్లని పట్టెలు, వీపుపై రెండు కొడవండ్లు ఎదురెదురుగా నుంచినట్లు వంపు తిరిగిన తెల్లని గీతలు. వీపు నడుమ ఒక్కటే తిన్నని తెల్లగీత యున్నచో అది దీని జ్ఞాతి. ఆసియాలో పుట్టి, ప్రాత టైర్లలో నిలిచిన నీటితో ఓడలెక్కి 1979 లో ఆల్బేనియాకును, 1985 లో అమెరికాలోని హ్యూస్టను నగరమునకును చేరిన మఱియొక లోకసంచారి. అది తోటలలో మెలగును. మన చారల దోమ ఇంటిలోపల పరదాల చాటున, మంచముల క్రింద, వ్రేలాడు బట్టల నడుమ విశ్రమించి, పగటివేళ, ముఖ్యముగా ఉదయమునను సాయంకాలపు ముందుసమయమునను కుట్టును. కనుక రాత్రి దోమతెర కట్టుట వలన మలేరియానుండి కలుగు రక్షణ దీనినుండి పూర్తిగా కలుగదు. పగలు నిద్రించు పసిపిల్లలకును రోగులకును మాత్రము తెర మిక్కిలి యుపయోగము. ఒక్క మనుష్యుని వద్ద కడుపునిండ త్రాగక, అదలింపగనే లేచి మఱియొకని కుట్టు స్వభావము గలదగుటచే, ఒకే దోమ ఒకే యింట పలువురికి జ్వరము నంటింపగలదు. సాధారణముగా పుట్టిన చోటునుండి ఒకటి రెండు వందల గజములకు మించి పోదు. అనగా ఒక యింట డెంగీ సోకినచో, దానికి కారణమగు నీరు ఆ యింటిలోనో ఇరుగుపొరుగు ఇండ్లలోనో, జ్వరపీడితుడు పగటిపూట గడపు బడిలోనో కచ్చేరిలోనో యుండవలయును. మైలు దూరమున నున్న చెఱువును నిందించుట వ్యర్థము.

ఈ సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. జ్వరములు హెచ్చిన ప్రతి సంవత్సరము చెఱువులపైనను బురదనేలలపైనను మందు చల్లుమని జనులు అర్జీలు పెట్టుట పరిపాటి. సూరజ్‌పుర్, ధనౌరి వంటి చిత్తడినేలలలో చేపలును, తూనీగ పిల్లలును, నీటిపురుగులును గలవు. అచ్చట చారల దోమ నిలువజాలదు. అది కోరునది గట్టు గల చిన్న పాత్రలోని నీరు. దోమల పేర చిత్తడినేలను పూడ్చుట వలన సారసములు పోవును గాని డెంగీ పోదు.

ఈ దోమ తన గ్రుడ్లను నీటిలో విడువదు. నీటిమట్టమునకు కొంచెము పైన తడిగా నున్న పాత్ర గోడకు ఒక్కొక్కటిగా అంటించును. ఒక్క విడతకు నూరు వఱకు పెట్టును; అవియు ఒక్క పాత్రలోనే గాక నాలుగైదిటిలో పంచిపెట్టును. నీరు మరల పైకి వచ్చి గ్రుడ్లను తాకినపుడు అవి చిట్లి డింభకములు వెలువడును. నీరు రానిచో గ్రుడ్లు ఎండి, నల్లని ఆవగింజల కంటెను చిన్నవై, గోడకు అంటుకొని నెలల తరబడి సజీవముగ నుండును. ఓడపీపా ఖాళీయైనను దోమవంశము నశింపకుండుటకు ఇదియే కారణము. సర్వదేశవ్యాప్తికి మూలమగు బలము దీని రెక్కలో లేదు, దీని గ్రుడ్డులో గలదు. వేసవి వేడిమికి గ్రుడ్డు చిట్లినది మొదలు దోమ యెగురువఱకు సుమారు ఏడెనిమిది దినములు పట్టును. వారమున కొకసారి నీరు పారబోయుమని చెప్పుటకు ఆధారము ఈ లెక్కయే. తెలుగు రాష్ట్రములలో శుక్రవారమును పొడిదినముగ పాటించుటయు, ఢిల్లీలో 2019 లో పది వారములపాటు ఆదివారము పది గంటలకు పది నిమిషములు అను కార్యక్రమము నడుపుటయు దీనిని బట్టియే. కాని నీరు పారబోసి, తొట్టి గోడను తోమక విడిచినచో గ్రుడ్లు మిగిలిపోవును. మరునాడు నింపిన నీటిలో అవియే చిట్లును. పీచుతోనో గట్టి బ్రుష్షుతోనో గోడను రుద్దిననే గాని పని పూర్తి కాదు. తనిఖీకి పోవు మేస్త్రీలు నీరు ఉన్నదా లేదా యని మాత్రమే వ్రాసికొని వచ్చుట తఱచు. గోడ తోమబడినదా యని వ్రాయు కాలము రిజిస్టరులో లేకపోవుటయు ఒక కారణము.

గ్రేటర్ నోయిడాలో సంవత్సరము గడచు తీరు ఇట్లుండును. డిసెంబరు, జనవరి నెలలలో మంచు దట్టమై, చలికి దోమలు మిక్కిలి తగ్గును. వంశము గ్రుడ్ల రూపమున నిద్రించును. ఏప్రిలులో వడగాలి ఆరంభము కాగానే ఇంటింట వాకిటి మూలన బట్టకప్పి యుంచిన కూలరును బయటకు తీసి, దులిపి, నీరు నింపుదురు. క్రిందటి కార్తీకమున తొట్టి గోడకు అంటుకొనిన గ్రుడ్లకు కావలసినది ఆ నీరే. మేడమీది నీళ్లట్యాంకులు, మూతలేని డ్రమ్ములు, పూలకుండీల క్రింది పళ్లెములు, పక్షులకై పుణ్యార్థము పెట్టిన నీటిమూకుళ్లు, ఫ్రిజ్ వెనుక నీరు దిగు పెట్టె, పంక్చరు దుకాణముల యెదుట పేర్చిన ప్రాత టైర్లు అప్పటికింకను లెక్కకు రావు. వర్షము జూలైలో వచ్చినపుడు అవియు చేరును. దోమలు పెరుగును, కాని జ్వరములు వెంటనే పెరుగవు. దోమ రోగిని కుట్టిన తరువాత అంటుపదార్థము దాని దేహమున పక్వమగుటకు ఎనిమిదినుండి పండ్రెండు దినములును, అది కుట్టిన మనుష్యునికి జ్వరము తగులుటకు నాలుగునుండి పది దినములును కావలయును. ఇట్టి ఆవృత్తములు కొన్ని గడచునప్పటికి సెప్టెంబరు వచ్చును. అప్పటినుండి నవంబరు వఱకు ఆ ప్రాంతపు ఆసుపత్రులలో మంచములు దొరకుట కష్టము. ఢిల్లీలో 1996 నాటి డెంగీ వ్యాప్తి యందు 10,252 మందికి జ్వరము వచ్చి 423 మంది మరణించిరి. 2015 లో 15,867 మందికి జ్వరము వచ్చెను. రెండవనాటి మరణములు అరువదికే పరిమితమైనవి. రోగిని ముందుగా గుర్తించి, ద్రవములు సకాలమున నిచ్చుట వైద్యులు నేర్చుకొనుటయే దీనికి ముఖ్యకారణము. డెంగీ అంటు నాలుగు విధములు. ఒకసారి ఒక విధమున వచ్చి తగ్గినవానికి రెండవసారి వేఱొక విధము సోకినచో ప్రమాదము హెచ్చు.

వ్యాధి సెప్టెంబరులో కనబడుచున్నను దానికి మూలము ఏప్రిలులో కూలరు నింపిన దినముననే యున్నది. మనవారు పనిచేయునది మాత్రము సెప్టెంబరులో. అంతకు ముందు ఇంటింట తిరుగు మనుష్యులకు జీతమిచ్చుటకు బడ్జెటులో పద్దు దొరకదు. పత్రికలలో జ్వరవార్తలు వచ్చిన పిదప పొగయంత్రమునకు ఎంత ఖర్చయినను మంజూరగును. పొగ వీధిలో తిరుగును. దోమ పరదా చాటున నుండును. పొగకు చిక్కిన దోమలు చచ్చును, నిజమే. నీటిలోని డింభకములకు దానివలన ఏమియు కాదు, వారములోపల క్రొత్త దోమలు లేచును. రోగి యింటి చుట్టును ఇండ్లలోపల వెంటనే చేయు పొగ కొంత ఫలమిచ్చును. వీధుల వెంట బండిమీద పోవు పొగ అధికారులు పనిచేయుచున్నారని జనులకు తెలుపుటకే హెచ్చుగా నుపకరించును.

కూలరు తరువాత చెప్పదగినవి కట్టుచున్న భవనములు. క్రొత్త కాంక్రీటు తడి యారకుండ స్లాబుపై గట్లు కట్టి నీరు నిలుపుదురు. లిఫ్టు గుంటలోను, నేలమాళిగలోను వాననీరు చేరును. కూలీల గుడిసెల యెదుట మూతలేని డ్రమ్ములుండును. మూడును చారల దోమకు అనుకూలములే. గ్రేటర్ నోయిడా పశ్చిమభాగమున పెక్కు గృహనిర్మాణములు ధనాభావముచేతను వ్యాజ్యములచేతను ఏండ్ల తరబడి సగములో నిలిచిపోయినవి. పని జరుగుచోట కనీసము మేస్త్రీ యొకడుండును. పని నిలిచిన చోట తాళము మాత్రముండును, నేలమాళిగలో నీరుండును. అట్టి భవనముల పట్టికను ప్రతి పురపాలకుడును మార్చినెలలోనే తయారుచేసికొని, తాళము తెరిపించు అధికారము ఎవరిదో ముందే నిర్ణయించుకొనవలయును.

ఈ అధికారపు ప్రశ్న గ్రేటర్ నోయిడాలో మఱింత చిక్కైనది. అచ్చట ఎన్నికయైన పురపాలక సంఘము లేదు. బాటలు, కాలువలు, చెత్త అభివృద్ధి సంస్థ పని. జ్వరములు, మలేరియా సిబ్బంది జిల్లా ఆరోగ్యశాఖ పని. గేటు లోపలి యావరణము నివాసుల సంఘముది. ఇంటిలోని కూలరు ఇంటివానిది. దాదరి, జేవరు తహసీలులలోని గ్రామములు రెవెన్యూవారి దృష్టిలోనివి. ఈ హద్దులు దోమకు లేవు. వార్డు సభ్యుడున్న ఊరిలో జనులు అతని వాకిటికి పోయి కేకలు వేయుదురు. అందువలన నయినను పని కదలును. ఆ రాష్ట్రమున ఆరోగ్యకార్యకర్తలు ఇంటి తలుపు తట్టి జ్వరపు వివరము లడుగు ‘దస్తక్’ కార్యక్రమము గలదు. తలుపు తట్టుటయే దాని పేరునకు అర్థము. గుడిసెకు తలుపు తట్టుట సులభము. కావలివాడును గేటును గల ఇరువది అంతస్తుల భవనమున తలుపు తట్టనిచ్చువారు అరుదు. సంపన్నుల యిండ్లలో పూలకుండీలును, నీటిబుగ్గలును, అందముకొరకు నీటిలో పెంచు తీగలును ఎక్కువ యగుటచే తనిఖీ అచ్చటనే ముందుగా జరుగవలసియున్నది.

తనిఖీ ఫలితమును చెప్పుటకు రెండు లెక్కలు వాడుకలో నున్నవి. నూరు ఇండ్లు చూచినపుడు ఎన్ని యిండ్లలో డింభకములు కనబడినవో తెలుపునది గృహసూచిక. నూరు ఇండ్లకు డింభకములు గల పాత్రలెన్నియో తెలుపునది బ్రెటో సూచిక. రెండవది మెఱుగు, ఏలయన ఒక్క యింట పది పాత్రలున్నను మొదటి లెక్కలో ఒకటిగానే కనబడును. చూచుటకు పెద్ద సామగ్రి అక్కరలేదు. టార్చిలైటు, తెల్లని పళ్లెము, గరిటె చాలును. నీటిమట్టమునకు ఏటవాలుగా తలక్రిందై వ్రేలాడి, నీడపడగానే అడుగునకు దిగు పురుగులు ఈ జాతివి. నీటిమట్టమునకు సమముగా పండుకొని తేలునవి మలేరియా దోమ పిల్లలు. తాళము వేసిన యిండ్లను లెక్కనుండి తీసివేసి, మూతపడిన యిండ్ల సంఖ్యను వేఱుగ వ్రాయవలయును. లేనిచో సూచిక తక్కువగా కనబడి మోసగించును.

మలేరియా ప్రసక్తి వచ్చినది గనుక ఒక్కమాట. సికిందరాబాదున 1897 ఆగస్టు 20 వ తేదీన రొనాల్డు రాసు గారు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనుటకు ముందు రెండేండ్లు చారల దోమలను, బూడిదరంగు దోమలను కోసి చూచి విసిగిపోయిరి. వానిలో మలేరియా పెరుగదు. మచ్చల రెక్కల దోమ దొరకిన తరువాతనే ఫలము కలిగినది. దోమ లన్నియు ఒక్కటే యని తలచు ఉద్యోగికి ఆ రెండేండ్ల నష్టము గుర్తుండవలయును.

చారల దోమకు సంబంధించిన భయములలో మిక్కిలి పెద్దది మన దేశమునకు ఇంతవఱకు రానిది, పచ్చజ్వరము. క్యూబా దేశీయుడగు కార్లోసు ఫిన్లే 1881 లో ఈ దోమయే దానిని మోయునని చెప్పెను. 1900 లో వాల్టరు రీడు గారి సంఘము దానిని రుజువు చేసెను. 1901 లో గోర్గాసు గారు హవానా నగరమున ఇంటింట నీటితొట్లకు మూతలు పెట్టించి, డింభకములు దొరకిన యింటివారికి జరిమానా వేయించి, ఆ జ్వరమును నగరమునుండి తొలగించెను. పనామా కాలువ 1914 లో తెరువబడనున్నదని తెలిసినపుడు అమెరికా నుండి ఓడలు తిన్నగా ఆసియాకు వచ్చునను భయము కలిగి, భారత వైద్యశాఖకు చెందిన మేజరు యస్. పి. జేమ్సు గారిని ఆ దేశములకు పంపిరి. భారతదేశమును పచ్చజ్వరమునుండి కాపాడుటను గూర్చి వారు 1913 లో ప్రకటించిన వ్యాసమున రేవుపట్టణములలోని ఈ దోమయే ముఖ్యవిషయము. ఆసియాలో దోమ యున్నది, మనుష్యులున్నారు, అంటు మాత్రము వేరూనలేదు. 2016 లో అంగోలానుండి పదునొకండు మంది రోగులు చైనాకు చేరిరి, అదృష్టవశమున వ్యాపింపలేదు. నేడు రేవులకంటె విమానాశ్రయములు ముఖ్యములైనవి. గ్రేటర్ నోయిడాకు దక్షిణముననున్న జేవరు వద్ద 2021 నవంబరు 25 వ తేదీన అంతర్జాతీయ విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారము అట్టి ప్రవేశస్థానముల చుట్టు కనీసము 400 మీటరుల మేర రోగవాహక ప్రాణుల నియంత్రణము జరుగవలయును. ప్రహరీగోడకు వెలుపలనున్న గ్రామపు డ్రమ్ములు ఆ 400 మీటరులలోనివే. అవి విమానశాఖవారి లెక్కలోనివా, తహసీలుదారు లెక్కలోనివా యను ప్రశ్న హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ, తిరుపతి ప్రాంతముల ఉద్యోగులకును సమానమే.

పైన చెప్పెదనన్న రెండవ కారణము ఇది. డెంగీని దేశమునుండి దేశమునకు మోయునది దోమకంటె మనుష్యుడే. జ్వరము పైకి తెలియుటకు రెండు దినములు ముందునుండి సుమారు అయిదు దినముల తరువాత వఱకు రోగి నెత్తురు దోమకు అంటు నీయగలదు. తెలుగు జిల్లాల యువకులును యువతులును చదువులకును ఉద్యోగములకును ఢిల్లీ, నోయిడా ప్రాంతములయందు నివసించి, దసరాకును దీపావళికిని ఇంటికి వత్తురు. ఆ పండుగలు వచ్చునది అచ్చట డెంగీ మిక్కుటముగ నున్న నెలలలో. రైలులో ఒకటిన్నర దినము, విమానమున రెండున్నర గంటలు. వచ్చినవాడు తన యూరిలో మూడవనాడు జ్వరపడును. ఊరిలో దోమ లేనిచో ఒక్కని జ్వరము ఒక్కనితో పోవును. ఉన్నచో వీధి కంటును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో జ్వరపీడితులను ‘గడచిన పదునైదు దినములలో ఎచ్చటనుండి వచ్చితిరి’ యని యడిగి వ్రాసికొనుట అక్టోబరు నెలలో తప్పనిసరి చేయవలయును. అంటు మన యూరినుండి అచ్చటికి పోవుటయు అంతే సంభావ్యము. నింద ఏ యూరికిని చెందదు.

మన ప్రాంతమునకు ఈ దోమ క్రొత్తది కాదు. చికున్‌గున్యా జ్వరము 1965 లో విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, కాకినాడలలో వ్యాపించినది. తరువాత చిరకాలము కనబడక, 2005 చివరను మరల వచ్చి, 2006 లో రాయలసీమ గ్రామములను కీళ్లనొప్పులతో మంచము పట్టించినది. కొళాయి నీరు నాలుగు దినముల కొకసారి వచ్చు చోట జనులు తొట్లు, డ్రములు, కాగులు నింపుకొనక యేమి చేయుదురు? వారిని నీరు నిలువచేయవలదని హెచ్చరించుట అన్యాయము. నీటి సరఫరా క్రమముగా జరుగని పేటలో పురపాలక సంఘమే మూతలు పంచవలయును. లేదా త్రాగునీటికి హాని లేని మోతాదున టెమిఫాస్ వేయింపవలయును. కరవునేల గ్రామమున డెంగీని అరికట్టు పనిలో సగము నీళ్ల ఇంజనీరుది.

గంబూసియా చేపలను గూర్చి తఱచు అడుగుచున్నారు. ఇవి అమెరికా చేపలు. దోమ డింభకములను తినునని 1928 లో ఇటలీనుండి మన దేశమునకు తేబడినవి. పాడుబావులలో, వాడని సిమెంటు తొట్లలో వీని వలన మేలు గలదు. కాని ఇవియు ఇపుడు సర్వదేశవ్యాప్త జాతియే. చెఱువులలో విడిచినచో దేశీయపు చిన్నచేపల గ్రుడ్లను, పిల్లలను తినివేయును. ఒక లోకసంచారిని తొలగించుటకు మఱియొక లోకసంచారిని విడుచునపుడు నాలుగు గోడల మధ్య విడువవలయును. కూలరులో చేపలు బ్రదుకవని వేఱుగ చెప్ప నక్కరలేదు.

ఈ దోమను పూర్తిగా నిర్మూలించుట సాధ్యమా? బ్రెజిలు దేశము ఇంటింటి తనిఖీతో సాధించి 1958 లో దోమ లేని దేశముగ ప్రకటింపబడెను. పొరుగుదేశములలో మిగిలియుండుటచే 1967 లో దోమ తిరిగి వచ్చెను. 2024 లో ప్రపంచమున ఒక కోటి నలువది లక్షలకు పైగా డెంగీ కేసులు నివేదింపబడగా వానిలో అత్యధికభాగము అమెరికా ఖండములవే, అందును బ్రెజిలుదే పెద్ద పాలు. సింగపూరు 1968 చట్టముతో దోమలున్న యిండ్లను నూటికి ఏబది ప్రాంతమునుండి రెండు మూడింటికి దింపెను. అయినను జ్వరము పూర్తిగా పోలేదు, ఏలయన జనులలో రోగనిరోధశక్తి తగ్గి స్వల్పసంఖ్య గల దోమలే చాలినవి. వోల్బాకియా యను సూక్ష్మజీవిని ఎక్కించిన దోమలను విడుచుట వలన జావాలోని జోగ్యకర్త నగరమున డెంగీ నూటికి డెబ్బదియేడు పాళ్లు తగ్గినదని 2021 లో ప్రకటింపబడినది. పుదుచ్చేరిలోని పరిశోధనాలయమువారు అట్టి దోమవంశములను సిద్ధము చేసిరి. పురపాలకుని చేతికి అది వచ్చువఱకు గరిటెయు, టార్చియు, గోడ రుద్దు పీచును చాలించుకొనరాదు.

కడపట ఒక చిన్న పని. దీపావళి తరువాత కూలరులను ఆపి మూలన పెట్టు వారమున, కార్యాలయములు, బడులు, ఆసుపత్రులు మొదలుకొని ప్రతి చోట వానిని ఖాళీచేయించి, తొట్టి గోడలను పీచుతో తోమించి, వట్టివేళ్ల తడికెలను తీయించి కాల్పించి, ఎండబెట్టి, బోర్లించి యుంచవలయును. ప్రభుత్వ కార్యాలయముల కూలరులతోనే యారంభించుట మేలు; ఇంటివానికి జరిమానా వేయబోవు ఇన్‌స్పెక్టరును తహసీలు కచ్చేరి వసారాలోని కూలరు సంగతి యేమని యడిగినచో జవాబు చెప్పగల స్థితి యుండవలయును. తోమిన తేదీని తొట్టిపైననే రంగుతో వ్రాయించినచో, ఏప్రిలులో నీరు నింపువాడు దానిని చూచి మరల ఒకమారు తోమును.